పలికే పలక

వేలమ్మ చేతిలో పలక ఉంది. చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుకునే పలక. చెక్క చట్రం, ఒక మూల పగులు. పేరుకు పలకేగానీ అది పలకదు. దాని మీద రాసింది ఎవరో ఒకరు పైకి చదివితేనే పలికినట్టు. ఆ చదివేవాడు సొంత తమ్ముడు కావడమే వేలమ్మకు వచ్చిన చిక్కంతా.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయి చాలాకాలమైంది. టోకు పూల మార్కెట్లో వేలం వేస్తుంది కాబట్టి వేలమ్మ. తెల్లవారుతూనే రేకుల షెడ్డులో ఎత్తుపీట ఎక్కి కూర్చుని "ఒకటోసారీ" అని ఎత్తుకుందంటే, ఆ మాట అవతలి చివర బండ్లు కడుక్కునేవాళ్ళ దాకా వినిపించేది. మైకు ఇస్తామంటే మొహం మీదే నవ్వింది. "రెండోసారి" దగ్గర గొంతు కాస్త సాగదీసి, కొనేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, ఎవడు ఊగిసలాడుతున్నాడో వాడి మీద కళ్ళు నిలిపేది. వాడు పెంచాల్సిందే. ఇక "మూడోసారి" అన్నాక మాట తిరగదు. ఎవరు ఏడ్చినా, ఎవరు కాళ్ళ మీద పడినా, బుట్ట అమ్ముడైపోయినట్టే.

ఆ పీట ఆమెకు ఊరికే రాలేదు. ముందు దాని మీద కూర్చున్న పెద్దాయన మంచాన పడి, తనే పిలిచి కూర్చోబెట్టాడు. మార్కెట్‌కు ఒక కట్టు ఉంది. వరసగా రెండేళ్ళు ఎవరు వేలం వేస్తే పీట వాళ్ళది, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా లేపలేడు. వేలమ్మ రెండేళ్ళూ కూర్చుంది, ఆ పైన ముప్ఫై ఏళ్ళు కూర్చుంది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడిని పెంచి, పెళ్ళి చేసి, మార్కెట్లో బుట్టలెత్తే పనిలో పెట్టింది.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గడ్డతోపాటు స్వరపేటికను కూడా తీసేశాడు. ఇప్పుడు మెడ కింద చిన్న కన్నం, దానికి అడ్డంగా తెల్లగుడ్డ. ఊపిరి అందులోంచి వస్తుంది, పోతుంది. మాట మాత్రం పోయిందే గానీ రాలేదు. తిట్టాలన్నా గాలే, ఏడవాలన్నా గాలే. తమ్ముడు పీటెక్కాడు.

మనిషి మూగబోతే ఇంట్లో ఎంత మర్యాద పెరుగుతుందో వేలమ్మ కళ్ళారా చూసింది. వంటింట్లో గిన్నె పెట్టిన చోటికి కూడా తగువాడే మరదలు ఇప్పుడు "వదినా, కూర్చోండి, నేను చేస్తాగా" అంటోంది. తమ్ముడు ఆపిల్ పళ్ళు తెస్తున్నాడు. ఎదురు మాట రాదని తెలిసినచోట ప్రేమ ఒలకబోయడానికి ఏం ఖర్చు?

ఓ సాయంత్రం నసబాబు పలకరించడానికి వచ్చాడు. పెళ్ళిళ్ళకు పూల అలంకరణ చేసే ఆసామి. బుట్టకు బుట్టకు బేరం నస పెడతాడని మార్కెట్టంతా కలిసి పెట్టిన పేరది. కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు. వేలమ్మ పలక మీద గబగబా రాసింది: "వచ్చే నెల వస్తా. నా పీట మీద దుమ్ము పడనివ్వకండి."

తమ్ముడు పలక అందుకుని, గొంతు సవరించుకుని చదివాడు. "అక్కకి ఓపిక లేదంటోంది. మీరంతా తమ్ముణ్ణి చూసుకోండంటోంది."

నసబాబు కళ్ళు చెమర్చాయి. "ఎంత పెద్ద మనసమ్మా!" అన్నాడు.

వేలమ్మ పలక లాక్కుని తమ్ముడి మోకాలి చిప్ప మీద వేసి కొట్టింది. మూల పగిలింది అప్పుడే. నసబాబు గాభరాగా లేచి, "పాపం, జబ్బు మనిషి" అనుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళు తన "మూడోసారి"కి బెదిరిన మనిషి తనను పాపం అన్నందుకు ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ రోజే నిశ్చయించుకుంది. తన మాట ఇంకొకడి నోట్లోంచి రాకూడదు. రాసింది రాసినట్టు పైకి చదివే యంత్రాలు ఉన్నాయని ఆసుపత్రిలో నర్సు చెప్పి ఉంది. పలక మీద రాసింది: "నాకు ట్యాబ్లెట్ కావాలి."

తమ్ముడు చదివి, లోపలికి వెళ్ళి, గ్యాస్ బిళ్ళ ఒకటి, గ్లాసుడు నీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు. వాడికి తెలియక కాదు. పదో క్లాసు దాకా చదివించింది ఆమే.

బిళ్ళ కిటికీలోంచి బయటికి పోయింది. నీళ్ళు తమ్ముడి చొక్కా మీదికి పోయాయి. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ఎలక్ట్రానిక్స్ కొట్టు మెట్లెక్కారు.

*

కొట్టు నిండా అద్దాలు, చలి. బల్లల మీద ట్యాబ్లను వరసగా పడుకోబెట్టి, ఒక్కోదానికి నల్ల తీగ కట్టి ఉంచారు. కౌంటరావిడ నలభై దాటిన మనిషి. మెడలో కార్డు, నుదుటి మీద తలనొప్పి మందు. వేలమ్మ మెడ మీద గుడ్డ చూసింది, చేతిలో పలక చూసింది, వెంటనే తమ్ముడి వైపు తిరిగింది.

"ఎవరికండీ? ఈవిడకా? ఈవిడకి చదువొచ్చా?"

వేలమ్మ పలక మీద రాసి కౌంటరావిడ ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. "చెవులు కూడా ఉన్నాయి."

"అబ్బో, కోపం ముక్కు మీదే ఉంది" అంది కౌంటరావిడ. ఆమెకూ పొద్దుటి నుంచి ఒళ్ళు మండుతున్నట్టే ఉంది. "సరే, ఏం పనికి కావాలో చెప్పండి. ఊరికే మంచిది చూపించు, మంచిది చూపించు అంటే నేనేం చూపించను? ఎవరి పనికి తగ్గది వాళ్ళకి మంచిది."

ఆ మాట వేలమ్మకు నచ్చింది. మనిషి మాత్రం నచ్చలేదు. ఆమె రాయడానికి బలపం తీసేలోగా తమ్ముడు అందుకున్నాడు. "మంచం మీద కూర్చుని సినిమాలూ అవీ చూసుకుంటుందండీ. ఇదిగో, ఇది బాగుంది. ఎంత సన్నగా ఉందో చూడక్కా, అప్పడంలా ఉంది." వాడు అప్పుడే ఒకటి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. మెరుస్తోంది, అంచులు బంగారు రంగు. ఆడిస్తే వెలుగు వాడి మొహం మీద ఆడుతోంది.

వేలమ్మ దాన్ని అందుకుంది. పూలబుట్టను పైపైన చూసి పాట పెట్టే మనిషి కాదు ఆమె. అడుగున చెయ్యి పెట్టి, కుళ్ళు ఎక్కడుందో వేళ్ళతో చూసుకునే మనిషి. ముందు నోరు ఎక్కడుందో వెతికింది. రెండు సన్న చిల్లులు వెనక వైపున్నాయి. బల్ల మీద పడుకోబెడితే నోరు బల్లకే ఆనుతుంది. షెడ్డులో అంత గోలలో ఇది ఎవరికి చెప్పుకుంటుంది, బల్లకా?

అక్షరాలు నొక్కింది. "ఒకటోసారి." ట్యాబ్ పలికింది. సన్నగా, దుప్పటి కింద నుంచి మాట్లాడినట్టు. అయినా పలికింది. మూడు నెలల తర్వాత తన మాట తనకు బయటి నుంచి వినిపించింది.

తర్వాత నెట్ తీసేయమని సైగ చేసింది. షెడ్డు రేకుల కింద ఫోన్లకే సిగ్నల్ అందదు. కౌంటరావిడ తీసేసింది. వేలమ్మ మళ్ళీ నొక్కింది. ట్యాబ్ గుండ్రంగా ఏదో తిప్పుతూ కూర్చుంది తప్ప కిక్కురుమనలేదు.

"నెట్ లేకపోతే ఇది మాట్లాడదండీ" అంది కౌంటరావిడ.

మూగదానికి మూగది తోడు. వేలమ్మ దాన్ని బల్ల మీద పడేసింది.

"మెల్లిగా! పగిలితే మీరే తీసుకోవాలి" అని కౌంటరావిడ ఒంటికాలి మీద లేచింది. పగలకముందే తీసుకునేలా ఉందా అన్నట్టు చూసింది వేలమ్మ. గొంతు ఉన్నప్పుడు ఆ చూపు వెనక ఓ పాతిక మాటలు వచ్చేవి.

ఇంకోటి తెచ్చారు. దానికి తీగ విప్పించి గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో పట్టుకుంది. అద్దంలో తన మొహమే కనిపించింది, అక్షరం ముక్క కనిపించలేదు. ఇంకోటి. ఈసారి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, అరచేతిలో పోసుకుని, పూల మీద చల్లినట్టు దాని మీద చల్లింది.

కౌంటరావిడ కెవ్వుమంది. గల్లాపెట్టె దగ్గరున్న యజమాని కుర్చీలోంచి లేచి, "ఏంటమ్మా ఇది! బయటికి పంపించండి ఆమెని!" అని గొంతు చించుకున్నాడు. ఎదుటివాడు గొంతు చించుకుంటుంటే చూడటం వేలమ్మకు ఇప్పుడు ఒక రకం అసూయ.

"తడి చేతులతో పని. పూలు" అని పలక మీద రాసి చూపించింది.

"అక్కా, పరువు తీస్తున్నావ్" అన్నాడు తమ్ముడు పళ్ళు కొరుకుతూ. "నీకిప్పుడు పూలెందుకు, తడెందుకు? డాక్టరేమన్నాడు? పుప్పొడి లోపలికి పోతే ప్రాణానికే ముప్పన్నాడా లేదా? ఇంటిపట్టున ఉండేదానికి ఇన్ని పరీక్షలు దేనికి?"

డాక్టరు అన్నాడని వీడు అన్నాడు. కిందటి వారం ఆసుపత్రిలో నర్సు మెడ దగ్గర శుభ్రం చేస్తుంటే, వీడొక్కడే డాక్టరు గదిలోకి వెళ్ళి వచ్చాడు. వచ్చి, నేల చూపులు చూస్తూ, "మార్కెట్టు మాట మర్చిపొమ్మన్నాడక్కా" అన్నాడు. ఆ తర్వాతే ఆపిల్ పళ్ళు మొదలయ్యాయి.

కౌంటరావిడ గుడ్డతో నీళ్ళు తుడిచి, విసురుగా కింది అరలోకి వంగింది. "పూలూ నీళ్ళూ అని ముందే ఏడవచ్చుగా" అని గొణుగుతూ ఒక మొద్దు వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టింది. నల్లగా, ఇటుకంత మందంగా, చుట్టూ రబ్బరు. అందం అన్న మాట దాని దరిదాపులకు పోలేదు. "గోడౌన్లలో వాడతారు దీన్ని. నోరు ముందుంది. నెట్ లేకపోయినా మాట్లాడుతుంది. తడి చేత్తో కుదరకపోతే ఇదిగో పెన్ను. వెనక మూత తీస్తే బ్యాటరీ ఊడొస్తుంది, పాడైతే వేరేది పెట్టుకోవచ్చు. మీ తమ్ముడి చేతిలో ఉందే, దానికి అతికించేశారు. బ్యాటరీ పోతే మొత్తం పోయినట్టే. కంపెనీవాళ్ళు కూడా దాన్ని రెండేళ్ళ తర్వాత పట్టించుకోరు. దీన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటారు." ఊపిరి పీల్చుకుని తమ్ముడి వైపు చూసింది. "ఎన్నాళ్ళు వాడతారో అది చెప్పండి ముందు. దాన్నిబట్టి తీసుకోండి."

తమ్ముడు తడుముకోలేదు. "రెండేళ్ళు వస్తే చాలండీ. ఆ తర్వాత ఈవిడకి దీంతో పనుండదు."

వేలమ్మ పలకను బల్ల మీద పెట్టేసింది.

రెండేళ్ళు. మార్కెట్టు మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. నేల చూపులు చూశాడు తమ్ముడు. మరదలు గిన్నెల దగ్గర తగువు మానేసింది. ఆపిల్ పళ్ళు. అన్నీ ఒక్కసారి వరసలో వచ్చి నిలబడ్డాయి. పోయే మనిషితో ఎవరు తగువాడతారు? పోయే మనిషికి అతికించిన బ్యాటరీ చాలదా? చచ్చేంత భయం వేసింది ఆమెకు. ఆపరేషన్ బల్ల ఎక్కినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. చల్లటి ఆ కొట్టులో చంకల్లో చెమటలు పట్టాయి.

అరుద్దామనుకుంది. మెడ మీది గుడ్డ ఒక్కసారి ఎగిరిపడింది, అంతే.

నల్ల ట్యాబ్ దగ్గరికి లాక్కుంది. పెన్నుతో ఒక్కో అక్షరం పొడిచింది. రాసింది పైకి చదివించే నోటి బొమ్మ మీద నొక్కింది.

"డాక్టరు నాకు రెండేళ్ళే అన్నాడా?"

కొట్టంతా వినిపించింది. మొద్దు వస్తువుకు గొంతు మొద్దుగానే ఉంది, ఎత్తుపల్లాలు లేకుండా, రైలు వస్తోందని చెప్పినట్టు. పక్క బల్ల దగ్గర చెవిలో తీగలు పెట్టుకుని పాటలు వింటున్నవాడు కూడా తీగలు తీసి చూశాడు.

తమ్ముడి మొహం పాలిపోయింది. "ఛీ ఛీ, అవేం మాటలక్కా! నేనలా అన్నానా?"

"రెండేళ్ళన్నావు. ఎవరి లెక్క?"

"ఊరికే. మాట వరసకి." నీళ్ళు నమిలాడు. "పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

వేలమ్మ మళ్ళీ పొడిచింది. నొక్కింది.

"ఒకటోసారి."

తమ్ముడు గతుక్కుమన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట వింటూ బతికినవాడు. ఆ మాట వినగానే బుట్టల దగ్గర వాడి వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది. ఇప్పుడూ అయింది.

"అక్కా, ఇదేమన్నా మార్కెట్టా?"

"రెండోసారి."

ఆమె కళ్ళు వాడి మొహం మీద నిలిచాయి. గొంతు పోయిందిగానీ ఆ చూపు ఎక్కడికీ పోలేదు. ట్యాబ్‌కు సాగదీయడం చేతకాదు, ఆ లోటు ఆమె చూపే పూడ్చింది. కౌంటరావిడ తుడిచే గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. యజమాని బయటికి పంపించమన్న సంగతి తనే మర్చిపోయాడు. వేలమ్మ పెన్ను నోటి బొమ్మ మీదికి వంగింది. మూడోసారి అయ్యాక మాట తిరగదని తమ్ముడి ఒంట్లో ఎముక ఎముకకీ తెలుసు.

"పీట!" అని అరిచాడు. "పీట సంగతక్కా! నీ ప్రాణం సంగతి కాదు! వరసగా రెండేళ్ళు కూర్చుంటే పీట నాదవుతుందిగా. అప్పటిదాకా నువ్వు ఇంట్లో కాలక్షేపం చేస్తే చాలనుకున్నా. డాక్టరు నీకేం లేదన్నాడు. గడ్డ పూర్తిగా పోయిందన్నాడు. మెడకి గుడ్డ కట్టుకుని వచ్చే వారం నుంచే పనికెళ్ళొచ్చన్నాడు. చాలా?"

నోరు జారాక నాలిక కరుచుకున్నాడు. ఏం లాభం.

తను చావడం లేదు. ఆ సంతోషం వచ్చింది, వచ్చి కూర్చోబోయేలోగా కోపం దాన్ని తోసేసి ఆ చోట కూర్చుంది. పుప్పొడి ముప్పని ఇంట్లో కట్టేశాడు. ఆమె చావుభయంతో చెమటలు కక్కుతుంటే పీట లెక్కలు వేసుకున్నాడు. ఎత్తుకుని పెంచిన చేతుల్తోనే వీడి పీక నొక్కాలనిపించింది వేలమ్మకు. నిజంగానే అనిపించింది.

"పెంచినందుకు" అని మాత్రం పలికించింది.

ఆ ఒక్క మాటకు తమ్ముడికి రోషం పొడుచుకొచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే రోషం అది, కానీ అందులో కొంచెం నిజం కూడా ఉంది. "పెంచావు! పెంచి బుట్టల కింద పెట్టావు! మార్కెట్లో నాకో పేరుందా? వేలమ్మ తమ్ముడు. నా పెళ్ళి కార్డు మీద కూడా అదే చూసి నవ్వారు జనం. ఎన్నేళ్ళు మోశాను నీ బుట్టలు? ఒక్కరోజు, ఒక్క పూట, నువ్వు కూర్చోరా అన్నావా? నీ గొంతు పోయాకే నాకూ ఒక గొంతుందని జనానికి తెలిసింది. ఆ పెద్దాయన మంచాన పడితే నువ్వెక్కలేదా పీట?"

వేలమ్మ నింపాదిగా పొడిచింది. అక్షరం అక్షరానికీ వాడు ఎదురు చూడాల్సి వచ్చింది. మాట రావడం ఆలస్యమైతే ఎదుటివాడు ఎంత చిక్కిపోతాడో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఆయన పిలిస్తే ఎక్కాను. నువ్వు నా నోరు మూసి ఎక్కావు."

తమ్ముడు బంగారు అంచుల అప్పడాన్ని బల్ల మీద పెట్టేశాడు.

కౌంటరావిడ దగ్గింది. ఆమె కళ్ళలో కాస్త జాలి కనబడిందేమో గానీ, నోట్లో లేదు. "ఇంతకీ ఎన్నాళ్ళు వాడతారో మీరే చెప్పండమ్మా. గ్యారంటీ కార్డు మీద రాయాలి."

"నా పీట విరిగేదాకా" అంది నల్ల ట్యాబ్.

*

మర్నాడు షెడ్డులోకి ఆమె అడుగు పెట్టగానే గోల ఒక్కసారి తగ్గి, మళ్ళీ లేచింది. మెడకు గుడ్డ, చేతిలో నల్లటి మొద్దు. పీట మీద తమ్ముడి తుండుగుడ్డ ఉంటే రెండు వేళ్ళతో ఎత్తి కింద పడేసింది. ఎక్కి కూర్చుంది. తమ్ముడు మొహం మాడ్చుకుని బుట్టల దగ్గర నిలబడ్డాడు.

రాత్రి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మరదలి గిన్నెలు మాత్రం మాట్లాడాయి, చాలా గట్టిగా. మర్యాద పోయి మామూలు తగువు తిరిగొచ్చినందుకు వేలమ్మ కడుపు నిండా తిని పడుకుంది.

మార్కెట్లో మొదటి బుట్ట ఎప్పుడూ వేలం వేసేవాళ్ళ ఇంటిదే. రోజు మొదట్లో ధర పడిపోతే ఆ దెబ్బ ముందు వాళ్ళకే తగలాలని పెట్టుకున్న పద్ధతి. ఆరోజు అవి ఎర్ర గులాబీలు. మరదలి పుట్టింటివాళ్ళ తోటలోవి. ఒక్క రేకు కూడా నలగలేదు.

"ఎర్ర గులాబీ. పాట మొదలు" అంది ట్యాబ్.

నవ్వులు లేచాయి. "రేడియో పెట్టుకొచ్చిందిరోయ్" అన్నాడొకడు. "వార్తలు కూడా చదువుతుందా?" అన్నాడు ఇంకొకడు. నసబాబు కళ్ళజోడు సర్దుకుని, మొన్నటి జాలంతా మరిచిపోయి, గులాబీలకు కాదు గదా, వాటి కాడలకైనా చాలని పాట చెప్పాడు. అందరూ మళ్ళీ నవ్వారు. ఎవరూ పెంచలేదు. గొంతులో బెదిరింపు లేనిచోట ఎవడు పెంచుతాడు? యంత్రం కాసేపు వాగి, ఆవిడే విసిగి దిగిపోతుంది, మళ్ళీ తమ్ముడొచ్చి కూర్చుంటాడు. అందరి మొహాల్లోనూ అదే ఉంది. తమ్ముడి మొహంలో కాస్త ఎక్కువే ఉంది.

"ఒకటోసారి."

ఎవరూ కదల్లేదు.

"రెండోసారి."

తమ్ముడి పెదాల మీద నవ్వు ఆగింది. బుట్టను చూశాడు, అక్కను చూశాడు. పీటకు దగ్గరగా జరిగి లోగొంతుతో అన్నాడు. "అక్కా, మన బుట్టే అది. ఆపు."

వేలమ్మ వాడి వైపు చూడలేదు. ఇంటి బుట్ట అని ఆమెకు తెలియదా? ఆ కారణం లేకపోతే అసలు నొక్కేదే కాదు. ఇంకొకరి పూలతో తన మాటకు విలువ కట్టించుకునే రకం కాదు ఆమె. తడి వేళ్ళలో పెన్ను గట్టిగా పట్టుకుంది.

"మూడోసారి."

ఎత్తులేదు, పల్లం లేదు. బుట్ట నసబాబుదైపోయింది.

షెడ్డులో గోల ఆగిపోయింది. అవతలి చివర బండి కడుగుతున్నవాడి చేతిలో నీళ్ళగొట్టం కారే చప్పుడు ఇక్కడికి వినిపించింది. గెలిచిన నసబాబుకు కూడా నవ్వు రాలేదు. ఇలా వస్తుందనుకోలేదు వాడు. చేతిలో పడ్డ బుట్టను ఏం చేసుకోవాలో తెలియనట్టు పట్టుకుని, పాత అలవాటు కొద్దీ తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏమంటోందయ్యా మీ అక్క? నిజంగానే ఇచ్చేసినట్టేనా?"

తమ్ముడు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లో ఏ మాట ఉండేదో ఎవరికీ తెలియలేదు.

"నన్నడుగు" అంది పలక.

తమ్ముడు నోరు మూసుకుని, వంగి, రెండో బుట్ట ఎత్తాడు. వేలమ్మ ఇంకా ఒకటోసారి నొక్కకముందే, ఊరుకుంటే బుట్ట పక్కవాడి పాలవుతుందని, నాలుగు వైపుల నుంచి పాట పెరగడం మొదలైంది.